ఆవకాయ జాడీ కింద కోబాల్

నాన్న మూడో ఆబ్దికానికి తెనాలి వెళ్ళాను. తంతు ముగిసి, చుట్టాలు ఒక్కొక్కరే బయలుదేరాక, అమ్మ వంటింటి అలమర కడిగించే పని పెట్టుకుంది. జాడీలు దించడం నా వంతు. పై అరలోని ఆవకాయ జాడీ ఎత్తితే, కింద పరిచిన కాగితం అడుగుకు అంటుకుని దానితోపాటే లేచింది. లేత ఆకుపచ్చ చారలు, రెండు అంచుల వెంట గుండ్రటి చిల్లులు. నూనె పీల్చిన మేర అవతలి వైపు అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు ఇంగువ, ఆవపిండి. ఆ తర్వాత ఎక్కడో లోపలి నుంచి ప్రింటరు రిబ్బను సిరా వాసన.

"డేటా డివిజన్" అని పైకే చదివాను. ప్రోగ్రాం వాడే వివరాలకు పేర్లు పెట్టే భాగం అది.

"ఏమిటే అది?" అంది అమ్మ.

"నేను హైదరాబాదులో నేర్చుకున్న కోబాల్, అమ్మా."

"మంచి కాగితం. నూనె కిందికి దిగనివ్వదు. అటక మీద ఇంకా సగం కట్ట ఉంది" అంది. మా అమ్మ దృష్టిలో కోబాల్ అనే ఆ పాత కంప్యూటరు భాష వల్ల ఇంటికి జరిగిన మేలు అదీ.

*

కామర్సు చదివిన నేను కంప్యూటర్లలోకి రావడానికి కారణం నా తెలివితేటలు కాదు, 2000 సంవత్సరం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెల చోటే ఇచ్చారట, 99 తర్వాత వచ్చే 00ను చూసి యంత్రం 1900 అనుకుంటుందట, దాన్ని సరిచేసే మనుషులు అమెరికాకు వేలల్లో కావాలట. ఈ సంగతి మా ఊళ్ళో కిళ్ళీ కొట్టు దగ్గర కూడా చెప్పుకునేవారు. ఎకరం అమ్మి కొందరు, అమ్మ గాజులు కుదువపెట్టి కొందరు హైదరాబాదు బస్సెక్కాం. నాది గాజుల జట్టు.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర తలెత్తితే ఆకాశం కనిపించేది కాదు, బోర్డులు కనిపించేవి. బోర్డు మీద బోర్డు, దాని మీద గుడ్డ బ్యానరు, ఆ బ్యానరుకు గాలి ఆడటానికి కోసిన చిల్లుల్లోంచి కింది బోర్డు. కింద కరపత్రాలు పంచే కుర్రాళ్ళు, పక్కన జిరాక్సు యంత్రాల వేడి, మిర్చి బజ్జీల బండి. మా తరగతి ఆదిత్య ఎన్‌క్లేవ్ మూడో అంతస్తులో. ముప్పై కుర్చీల గదిలో యాభై మందిమి. మెయిన్‌ఫ్రేమ్ అనే అసలైన పెద్ద కంప్యూటరు మీద సమయం మాకు దొరికేది రాత్రి పది దాటాక, అదీ గంట చొప్పున. మిగతా రోజంతా ఎనభై గడుల కాగితం మీద పెన్సిలుతో రాయడమే.

మాస్టారు అంతకు ముందు ఎక్కడో పంచ్ కార్డుల కాలంలో, అంటే ప్రోగ్రాంను అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిచే రోజుల్లో, పనిచేసి వచ్చినవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత కార్డు ఉండేది, పుస్తకంలో గుర్తు పెట్టుకోవడానికి వాడేవారు. మొదటి ఆరు గడులూ వరస సంఖ్యకు, ఏడో గడి 'ఇది వ్యాఖ్య' అని తెలిపే నక్షత్రం గుర్తుకు, ఆ తర్వాతే అసలు కథ. "ఎనిమిదో గడి వీధి గుమ్మం, పన్నెండో గడి వంటిల్లు. పేరాగ్రాఫు పేర్లు గుమ్మంలో నిలబడతాయి, పనిచేసే వాక్యాలు వంటింట్లో ఉంటాయి. డెబ్భై రెండు దాటితే పెరడు. అక్కడ మీరు ఏం రాసినా కంపైలరు చూడదు" అనేవారు. మనం రాసిందాన్ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలరు. ఇంతకన్నా బాగా ఆ గడుల గొడవ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఫుల్‌స్టాప్ మాస్టారు. ఆ రోజుల్లో మేం రాసే పద్ధతిలో 'ఇఫ్' అని మొదలుపెట్టిన షరతు ఫుల్‌స్టాప్ పడేదాకా సాగుతుంది. చుక్క ముందే పడితే షరతు అక్కడికే ముగుస్తుంది. ఆ తర్వాతి వాక్యం అందరికీ వర్తిస్తుంది, అంటే పన్ను కట్టక్కర్లేనివాడి దగ్గర కూడా పన్ను కోస్తుంది. రిబ్బను అరిగిపోతే కాగితం మీద చుక్క సరిగ్గా పడేది కాదు. ఒకసారి నా ప్రింటవుట్‌లో ఎంత వెతికినా తప్పు దొరకక మాస్టారికి చూపిస్తే, ఆయన అద్దాలు పైకి తోసి, ఒక చుక్కను గోటితో గీకారు. ఊడి వచ్చింది. ఈగ పెట్టిన చుక్క అది. అసలు ఫుల్‌స్టాప్ నేను పెట్టనే లేదు. "సున్నాకు మూడు స్పెల్లింగులు ఒప్పుకుంటాడమ్మా ఈయన. జీరో అన్నా, జీరోస్ అన్నా, చివర ఓ, ఈ, ఎస్ పెట్టినా సరే. చుక్క దగ్గర మాత్రం పట్టువిడవడు" అన్నారు, కోబాల్ ఎవరో మేనమామ అయినట్టు.

ఆల్టర్ అనే ఆజ్ఞను ఆయన చెప్పిన తీరు ఇంకా గుర్తుంది. 'ఫలానా చోటికి వెళ్ళు' అని ప్రోగ్రాంలో రాసి ఉన్న దారిని, ప్రోగ్రాం నడుస్తుండగానే మార్చేయగల ఆజ్ఞ అది. "పొలిమేరలో తెనాలికి దారి అని బాణం గుర్తు ఉంటుంది. ఎవడో అర్ధరాత్రి వచ్చి దాన్ని రేపల్లె వైపు తిప్పి పోతాడు. పొద్దున మీరు బోర్డు చదువుకునే వెళతారు. తప్పు మీది కాదు, బోర్డుదీ కాదు." 2002 ప్రమాణంలో ఆల్టర్‌ను తీసేశారని తెలిసినప్పుడు ఎవరో చెడ్డవాడు ఊరు విడిచి పోయినంత తృప్తి కలిగింది.

డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1975లో ఈ భాష గురించి అన్న మాట కూడా ఆయనే చెప్పారు. కోబాల్ బుద్ధిని కుంటుపరుస్తుందనీ, కనక దాన్ని బోధించడం నేరంగా పరిగణించాలనీ. "ఆ లెక్కన నేను పాత నేరస్తుణ్ణి. మీరంతా సాక్షులు. ఫీజు కట్టిన సాక్షులు" అని తనే ముందు నవ్వేవారు.

ఇంకో రోజు గ్రేస్ హాపర్ కథ. కోబాల్‌కు తల్లివేరు లాంటి ఫ్లోమాటిక్ భాషను తయారుచేసిన ఆవిడ, ఆ ఇంగ్లిషు ఆజ్ఞలను ఫ్రెంచిలోకీ జర్మనులోకీ మార్చినా యంత్రానికి ఒకటేనని పైవాళ్ళకు చూపించారట. అమెరికాలో పుట్టిన కంప్యూటరుకు ఫ్రెంచి ఎలా వస్తుందని వాళ్ళు బెదిరిపోయారట. ఆ సాయంత్రం మేం బజ్జీల బండి దగ్గర కోబాల్‌ను తెలుగు చేశాం. 'స్థూలము నుండి పన్నును తీసివేసి నికరమునకు ఇమ్ము.' మర్నాడు మాస్టారికి చూపిస్తే తల అడ్డంగా ఊపారు. "ఇంగ్లిషులో క్రియ ముందు వస్తుంది. మొదటి మాటకే యంత్రం కూడికా తీసివేతా తెలుసుకుంటుంది. మన భాషలో పాపం చివరి మాట దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి."

*

ప్రాజెక్టు అని ఒకటి చేసి చూపించాలి. అందరూ జీతాల పట్టీ చేశారు. నిజానికి అందరూ ఒకే జీతాల పట్టీ చేశారు. కోబాల్లో ఇంతవరకూ రాసింది ఒక్కటే ప్రోగ్రాం, మిగతావన్నీ దాన్ని నకలు తీసి మార్చుకున్నవే అని ఒక పాత హాస్యం ఉంది. మా బ్యాచి దానికి రుజువు. నేను మాత్రం నాన్న పనిచేసిన సహకార పరపతి సంఘం పంట రుణాల వడ్డీ లెక్క తీసుకున్నాను. నలభై ఖాతాలు. అసలు, వడ్డీ రేటు, రోజులు. హెచ్చించి 36,500తో భాగించడం. మూడు గంటల మెయిన్‌ఫ్రేమ్ సమయం ఖర్చయింది.

ఆ ప్రింటవుట్ పట్టుకుని దసరాకు ఇంటికి వెళ్ళాను. నాన్న అప్పటికి పదవీ విరమణ చేసి ఏడాది. జీవితమంతా చిట్టా, ఆవర్జా రాసిన మనిషి. కంప్యూటరు అంటే ఆయనకు మా వీధి రైల్వే గుమాస్తా చెప్పిన రిజర్వేషను కబుర్లే. వాలుకుర్చీలో కూర్చుని కాగితం ఒళ్ళో పరుచుకున్నారు. చదువుతారని నేను అనుకోలేదు. అది ప్రోగ్రాం కదా.

ఆయన చదివారు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. "సబ్‌ట్రాక్ట్ రిపెయిడ్ ఫ్రమ్ ప్రిన్సిపల్ గివింగ్ బ్యాలెన్స్." తలెత్తి నావైపు చూశారు. "చెల్లించింది అసల్లోంచి తీసేస్తే నిల్వ. ఇది మా గుమాస్తా భాషే కదమ్మా! దీనికి హైదరాబాదు దాకా ఎందుకు?"

క్లాసులో మేం ఎగతాళి చేసింది సరిగ్గా ఈ వాగుడునే. ప్లస్ గుర్తుతో పోయేదానికి వాక్యం రాయిస్తుందని. ఇంకో భాషలో ఒక్క వరుసలో అయ్యేదానికి ఇందులో ముందు నలభై వరుసల పరిచయ వాక్యాలు ఉంటాయని. పెళ్ళి శుభలేఖలో వధూవరుల పేర్లు వచ్చేసరికి తాతల పేర్లన్నీ అయిపోయినట్టు.

అంకెల పట్టీ దగ్గర నాన్న ముఖం ఇంకా వికసించింది. "కామాలు సరిగ్గా పడ్డాయే!" అన్నారు. కోబాల్లో అంకె ఎలా కనపడాలో బొమ్మ గీసినట్టు మనమే చెబుతాం. కామా ఎక్కడ పెడితే అక్కడే పడుతుంది. 1,23,456 అని లక్షల్లో రావాలంటే అలాగే రాస్తే చాలు. తర్వాత నేను నేర్చుకున్న కుర్ర భాషల్లో వేల తర్వాత కామా మన లెక్కన పడాలంటే వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చినప్పుడల్లా నాన్న మొహం గుర్తొచ్చేది.

రాత్రి భోజనాల తర్వాత ఆయన ఎరుపు నీలం పెన్సిలు తీసుకుని మళ్ళీ కూర్చున్నారు. ఆడిటర్లు పెట్టినట్టు ప్రతి పద్దు పక్కనా నీలం టిక్కు. నేను నిద్రపోయాను. పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి, "పందొమ్మిది పైసలు తేడా" అన్నారు.

"పందొమ్మిది పైసలే కదా, నాన్నా."

"పైస తేలందే పుస్తకం మూయరు." ఒకసారి సంవత్సరాంతపు లెక్కల్లో పైస తేడాకు ఇద్దరు గుమాస్తాలు లాంతరు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న కథ చెప్పారు. ఆ కథ నాకు తెలుసు. మళ్ళీ చెప్పారు.

కారణం హైదరాబాదు వచ్చాక తెలిసింది. నేను 'రౌండెడ్' అనే మాట రాయలేదు. రాయకపోతే కోబాల్ పైస తర్వాత మిగిలిన ముక్కను కత్తిరించి పారేస్తుంది, ముప్పాతిక పైస అయినా సరే. నాన్న చేత్తో చేసిన లెక్కలో అరపైస దాటితే పైకి సవరించారు. నలభై ఖాతాల్లో పందొమ్మిదింటికి అలా తలా ఒక పైస. మాస్టారికి చెబితే, "మీ నాన్నగారిని కూడా చేర్పించమ్మా, ఫీజు వద్దు" అన్నారు.

*

ఉద్యోగం చెన్నైలో దొరికింది, ఒక అమెరికా బీమా సంస్థ ప్రోగ్రాములు బాగుచేసే పని. మా బృందంలో సగం మందిమి అమీర్‌పేట ఉత్పత్తులం. నాకు అక్కడ మిగిలిన జ్ఞాపకాల్లో పనికన్నా నవ్వులే ఎక్కువ. ఆ నవ్వులు బయటివాళ్ళెవరికీ అర్థమయ్యేవి కాదు. మా హాస్టలు వార్డెను ఒకసారి, "మీరు దేనికి నవ్వుతున్నారో తెలియక భయంగా ఉంటుంది" అంది.

ఉదాహరణకు ఐఈఎఫ్‌బీఆర్14. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో ఉండే ఈ ప్రోగ్రాం చేసే పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. వచ్చిన దారినే తిరిగి వెళ్ళు అనే ఒకే ఒక్క ఆజ్ఞ. అందులో కూడా తప్పు దొరికింది! పని సవ్యంగా ముగిసిందని చెప్పే సున్నాను పెట్టడం మరిచిపోయి వెళ్ళిపోయేది. సరిచేయడానికి ఇంకో ఆజ్ఞ చేర్చారు, ప్రోగ్రాం రెట్టింపయింది. మా ఆఫీసులో పని ఎగ్గొట్టేవాళ్ళందరికీ అదే పేరు.

'మూవ్' అనే మాట ఇంకొకటి. పేరుకు తరలించడం, చేసేది నకలు తీయడం. ఇచ్చినచోట కూడా సరుకు అలాగే ఉంటుంది. మా బృందంలో గుంటూరు అబ్బాయి ఒకడు తాత్కాలిక ఖాతాలకు పప్పు, అన్నం అని పేర్లు పెట్టి 'మూవ్ పప్పు టు అన్నం' అని రాశాడు. పప్పు అన్నంలోకి వచ్చింది, గిన్నెలో పప్పు గిన్నెలోనే ఉంది. ద్రౌపది అక్షయపాత్రను కోబాల్లోనే రాసి ఉంటారని తేల్చాం. అవతలి దేశం నుంచి పరిశీలకుడు ఫోను చేసి పప్పు అంటే ఏమిటని అడిగాడు. మావాడు తడుముకోకుండా, "ప్రొవిజనల్ అమౌంట్ పేయబుల్ పర్ యూనిట్" అన్నాడు. ఆయన అది రాసుకున్నాడు. తర్వాత ప్రాజెక్టు పుస్తకంలో సంక్షిప్త పదాల పట్టికలో అచ్చయింది కూడా.

తేదీల పని మొదట భయంకరంగానూ తర్వాత విసుగ్గానూ ఉండేది. అన్నిచోట్లా నాలుగంకెలు పెట్టే వ్యవధి లేదు కనక, 50 కన్నా తక్కువైతే ముందు 20, లేకపోతే 19 అని ఒక గీత గీశాం. పరీక్షలో 1898లో పుట్టిన ఒక పాలసీదారు ఏడాది పసిపాపగా తేలింది. ఆమెకు పాలడబ్బా పంపుదామా అని ఆ వారమంతా నవ్వుకున్నాం. 2050లో ఈ గీత మళ్ళీ కరుస్తుందని ఒకమ్మాయి గుర్తుచేస్తే, అప్పటికి మనకు కళ్ళు కనపడవులే అన్నాం.

అర్ధరాత్రి ఫోన్లు మాత్రం నవ్వు కాదు. 'సాక్ సెవెన్' అని మేం పిలిచే S0C7 వస్తే ప్రోగ్రాం మొత్తం నేలకూలేది. (విడివిడిగా చదివితే ఎస్, సున్నా, సి, ఏడు.) అంకె ఉండాల్సినచోట అంకె కానిది ఉందని దాని అర్థం. కూలిన క్షణాన యంత్రం జ్ఞాపకంలో ఉన్నదంతా అచ్చువేసే డంపు అనే అంకెల అడవిలో గంటసేపు తిరిగితే, లక్షల మంది పద్దుల్లో ఒక్కరి సొమ్ము గడిలో 40 40 40 40 అని కనిపించేది. 40 అంటే ఆ యంత్రం భాషలో ఖాళీ. సున్నా కాదు, ఖాళీ. ఆ తేడా నాన్నకు ఫోనులో చెబితే ఆయనకు వింతేమీ అనిపించలేదు. "సున్నా వేసిన పద్దు వేరు, రాయకుండా వదిలిన పద్దు వేరు. రాయని పద్దు దగ్గర మా ఆడిటరూ అలాగే కూలబడేవాడు" అన్నారు.

*

అందరూ డిసెంబరు 31 అర్ధరాత్రి గురించి అడుగుతారు. ఆ అర్ధరాత్రి మేం ఆఫీసులో కేకు తిన్నాం, అంతే. మా ఖాతాదారుడి గడియారం న్యూయార్కు సమయం. వాళ్ళ అర్ధరాత్రి మాకు జనవరి 1 ఉదయం 10.30కి వచ్చింది, ఇడ్లీ సాంబారు సమయంలో. రెండు వందల మందిమి తెర వైపు చూస్తూ నిలబడ్డాం. 10.31 అయింది. యంత్రంలో నడుస్తున్న ఒక పని ముగిసింది, తిరిగి వచ్చిన సంఖ్య సున్నా. ఇంకొకటి ముగిసింది, సున్నా. ఎవరో చప్పట్లు కొట్టారు. ఏమీ జరగకపోవడానికి ఏడాదిన్నర కష్టపడ్డామని, ఐఈఎఫ్‌బీఆర్14 మా అందరికన్నా ముందే అది సాధించిందని గుంటూరు అబ్బాయి అన్నాడు.

ఆ తర్వాత కోబాల్ పని పలచబడింది. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసినవాళ్ళు వీసా వచ్చాక నూట ఎనిమిది చేయడానికి వెళ్ళారు. నా పాస్‌పోర్టులో ఆ ముద్ర పడలేదు. జావా నేర్చుకున్నాను. కొత్త ఆఫీసులో కుర్రాళ్ళకు కోబాల్ అంటే సమాధుల మాట. వాళ్ళకు తెలియని సంగతి, ఆ సమాధి నిజంగానే ఉంది. ఈ భాష ఇంకా తయారవుతున్న రోజుల్లోనే, కమిటీ పని నత్తనడక నడుస్తోందని విసిగి ఆర్‌సీఏ అనే అమెరికా కంపెనీలో ఉద్యోగి హోవార్డ్ బ్రామ్‌బర్గ్ ఒక పాలరాతి సమాధిఫలకం కొని, దాని మీద కోబాల్ అని చెక్కించి, పెంటగన్‌లో ఆ పని చూస్తున్న చార్లెస్ ఫిలిప్స్‌కు పంపాడు. పైన పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ కూడా ఉంది. ఇప్పుడది కాలిఫోర్నియాలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సొత్తు. బతికున్నవాడు పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మా వైపు నమ్మకం. ఈ భాషకు పుట్టకముందే పుకారు పుట్టింది.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌను రోజుల్లో, మా పాత బృందం వాట్సాప్ గుంపు ఒక్కసారిగా నిద్రలేచింది. గుంపు పేరు 'స్టాప్ రన్', కోబాల్ ప్రోగ్రాంను ముగించే ఆజ్ఞ. నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తడంతో, నలభై ఏళ్ళు దాటిన కంప్యూటర్ల సంగతి చూడటానికి కోబాల్ తెలిసిన వలంటీర్లు కావాలని న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ అడిగారన్న వార్త. వెంటనే ఎవరో పాత కథ పెట్టారు: 2000 గొడవతో విసిగిన కోబాల్ ప్రోగ్రామరు ఆ సందడి దాటేదాకా తనను మంచులో గడ్డకట్టించమంటాడు. కళ్ళు తెరిస్తే చుట్టూ పెద్దమనుషులు. ఇది 9999వ సంవత్సరం బాబూ, పదివేలు రాబోతోంది, నీకు కోబాల్ వచ్చట కదా అంటారు. అందరం నవ్వు బొమ్మలు పెట్టాం. మాలో ఒకరు మాత్రం, మాస్టారు ఉంటే ఈ వార్తకు చివర ఫుల్‌స్టాప్ ఉందా అని చూసేవారు, అని రాశారు. ఆయన పోయారని నాకు అలా తెలిసింది.

*

అటక మీది కట్ట దించాను. పక్క చిల్లుల కాగితపు కుచ్చులు చాలావరకు లేవు. చిన్నప్పుడు మా అక్క పిల్లలు వాటిని చింపి, రెండేసి కలిపి మడతలు వేసి స్ప్రింగులు చేసేవారు. సగం కట్ట వెనకవైపు అమ్మ పాల లెక్క. అడుగు నుంచి నాలుగో మడతలో నలభై ఖాతాల పట్టీ దొరికింది. ప్రతి పద్దు పక్కనా నీలం టిక్కు, కాస్త కుడికి వాలి, అన్నీ ఒకే కొలత. కింద మొత్తం దగ్గర ఎరుపు సున్నా చుట్టి 0.19.

ఆ ఒక్క కాగితం చించుకుంటుంటే అమ్మ చూసింది.

"జాడీ కిందికి రెండు పొరలు కావాలి" అంది.

"ఇది వద్దమ్మా, వేరేది ఇస్తాను."

డేటా డివిజన్‌లోంచి రెండు మడతలు ఇచ్చాను. అక్షరాలు కిందికి వచ్చేలా పరిచి, జాడీ పెట్టి, అంచులు చేత్తో సవరించింది.

రాత్రి తెనాలి స్టేషన్లో రైలెక్కాక చేతులు వాసన చూసుకున్నాను. ఇంగువే ఎక్కువగా ఉంది.